ఇన్‌అడ్వర్టెంట్: 'పరాకున' అని పెట్టి చూడండి

రెండేళ్ల కిందట మేనేజరుకు పంపాల్సిన జీతాల షీటును స్టాఫ్ అందరికీ పంపేశాను. ఏ మెయిల్ ఐడీ నొక్కుతున్నానో చూసుకోలేదు. వివరణ రాయమన్నారు. ఆ టెన్షన్‌లో, చూసుకోకుండా చేశానని చెప్పడానికి 'ఐ వాజ్ ఇన్‌అడ్వర్టెంట్' అని రాశాను. మా సీనియర్ మేడమ్ చదివి, "ఈ మాట మనిషికి కాదమ్మా, చేసిన పనికి వాడాలి" అంటూ దిద్దారు: 'ఐ ఇన్‌అడ్వర్టెంట్లీ సెంట్ ద షీట్ టు ఆల్ స్టాఫ్.' పొరపాటును చెప్పాలంటే 'ఆన్ ఇన్‌అడ్వర్టెంట్ ఎర్రర్'.

మనల్ని తికమక పెట్టేది 'అనుకోకుండా' అనే అర్థం. 'బస్టాండులో అనుకోకుండా చిన్ననాటి స్నేహితురాలు కలిసింది' అంటాం కదా, అక్కడ ఇన్‌అడ్వర్టెంట్లీ పెట్టకూడదు. అది 'బై ఛాన్స్'. ఇన్‌అడ్వర్టెంట్ అనాలంటే మనం ఒక పని చేసి ఉండాలి, ఆ పనిమీద ధ్యాస లేకపోయి ఉండాలి. లాటిన్‌లో 'అడ్వర్టెరె' అంటే అటువైపు తిప్పడం. మన దృష్టిని తిప్పుకునే అడ్వర్టైజ్‌మెంటూ అందులోంచే వచ్చింది. ముందు 'ఇన్' చేరితే దృష్టి అటు మళ్లలేదని. మన 'పరాకు' అచ్చంగా ఇదే. అందుకే నేను ముందు తెలుగులో 'పరాకున' పెట్టి చూసుకుంటాను. 'పరాకున పాత ఫైలు జతచేశాను' కుదురుతుంది. 'పరాకున వాన వచ్చింది' కుదరదు. కుదరని చోట ఇంగ్లిష్‌లోనూ వాడను.

తెలిసి చేసినదానికి మాత్రం ఈ మాట వాడకండి. గడువు తెలిసీ వాయిదా వేసి, ఆనక 'ఇన్‌అడ్వర్టెంట్ డిలే' అని రాస్తే అది అబద్ధమే. చట్టం దగ్గర ఈ తేడాకు చాలా విలువుంది. 2012లో ఒక ఆదాయపు పన్ను కేసులో, గ్రాట్యుటీ కోసం పక్కనపెట్టిన మొత్తాన్ని ఆదాయంలో కలపకుండా రిటర్ను వేసిన కంపెనీకి సుప్రీంకోర్టు పెనాల్టీ తీసేసింది. రిటర్నుతో ఇచ్చిన ఆడిట్ రిపోర్టులోనే, ఆ మొత్తాన్ని ఖర్చుగా చూపకూడదని రాసి ఉంది. దాచే ఉద్దేశం ఉంటే ఆ రిపోర్టు జతచేస్తారా? కోర్టు దాన్ని దురుద్దేశం లేకుండా జరిగిన ఇన్‌అడ్వర్టెంట్ ఎర్రర్‌గానే చూసింది. మీరూ వివరణ రాసేటప్పుడు ఆ మాటతో ఆపకండి. పొరపాటు ఎలా జరిగిందో, తెలియగానే ఏం చేశారో రాయండి. నేను పది నిమిషాల్లో మేనేజరుకు ఫోన్ చేసిన సంగతి రాశాను.

పలికేటప్పుడు 'వర్' మీద ఒత్తు పెట్టండి. స్పెల్లింగ్‌లో చివరి 'టెంట్'లో మొదటి 'టి' తర్వాత 'ఎ' (a) కాదు, 'ఇ' (e) వస్తుంది.