ఎంజీబీ ఇండికేటర్లు, పార్కింగ్ లైట్ల వైరింగ్: వైరు కోసే ముందు ఎర్త్ చూడండి

మీ ఎంజీబీలో (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఎడమ ఇండికేటర్ వేస్తే దానితోపాటు పార్కింగ్ లైటు కూడా మిణుకు మిణుకుమంటోందా? కట్టర్ పక్కన పెట్టండి. చాలావరకు వైరు బాగానే ఉంటుంది, పోయింది ఎర్త్, అంటే కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి. 21 వాట్ల ఇండికేటర్ బల్బుకి బాడీలోకి దిగే దారి దొరక్క, కరెంటు పక్కనున్న 5 వాట్ల ఫిలమెంట్ గుండా వెనక్కి వెళ్లి ఇంకో లైటు ఎర్త్ వెతుక్కుంటుంది. అందుకే రెండూ కలిసి గుడ్డిగా వెలుగుతాయి.

మా బాబాయి దగ్గర్నుంచి నాకొచ్చిన 1971 ఎంజీబీలో నేను ఇది లేటుగా తెలుసుకున్నాను. పోయిన వానాకాలం నెక్లెస్ రోడ్డులో ఇండికేటర్ వేసి తిరుగుతుంటే, అది వెలగట్లేదని నాకు తెలియదు, వెనకొస్తున్న ఆటో అన్న ఆఖరి క్షణంలో బ్రేక్ కొట్టాడు. ఇద్దరం దిగాం, ఎవరికీ ఏమీ కాలేదు, కానీ ఆ టెన్షన్ నాకు వారం దాకా పోలేదు. ఇంటికొచ్చి డిక్కీ కార్పెట్ ఎత్తి చూస్తే, ఎప్పుడో ఎవరో అన్ని రంగుల వైర్లూ కోసేసి, అన్నిటికీ ఒకే ఎర్ర వైరు అతికించి, మెలితిప్పి నల్ల టేపు చుట్టి ఉంది. టేపు జిగురు ఎండకు కరిగి చేతికి అంటుకుంటోంది. అంతా విప్పి మళ్లీ చేయడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది.

ముందు బ్యాటరీ తీయండి, ఎర్త్ వైపు టెర్మినల్ మొదట. 1967 దాకా వచ్చిన ఎంజీబీల్లో ప్లస్ ఎర్త్, తర్వాతి వాటిలో మైనస్ ఎర్త్, కాబట్టి ఏది బాడీకి కలిసిందో కళ్లతో చూసుకోండి. ఈ కార్లలో బ్యాటరీ బానెట్ కింద ఉండదు, సీట్ల వెనక ఉంటుంది, పాతవాటిలో 6 వోల్టులవి రెండు.

రంగులు నోటికి రావాలి. ఆకుపచ్చ మీద ఎర్ర గీత ఎడమ ఇండికేటర్లు, ఆకుపచ్చ మీద తెల్ల గీత కుడి. పార్కింగ్ లైట్లకు ఎరుపు. నలుపు ఎర్త్. ఇండికేటర్లను వెలిగించి ఆర్పే ఫ్లాషర్ నుంచి స్టీరింగ్ స్విచ్‌కి వచ్చేది లేత ఆకుపచ్చ మీద గోధుమరంగు గీత. ఉత్త ఆకుపచ్చ అంటే కీ తిప్పాక ఫ్యూజు దాటి వచ్చే కరెంటు. మీరు కొత్త వైరు వేసినా ఇవే రంగులు వేయండి, దొరక్కపోతే రెండు చివర్లా ఆ రంగు స్లీవ్ తొడగండి. పదేళ్ల తర్వాత ఆ కారు కింద దూరేది మీరు కాకపోవచ్చు.

ఇప్పుడు ఎర్త్. ఒక్కో లైటు అద్దం విప్పి, బల్బు తీసి, హోల్డర్ లోపల చూడండి. నా కారు ముందు కుడి లైటులో ఇత్తడి హోల్డర్ అడుగున చిలుము పట్టి పచ్చటి పొడిలా ఉంది, గోరుతో గీకితే రాలింది, దాని కింద లోహం ఇంకా మెరుస్తూనే ఉంది. ఎమ్రీ పేపర్‌తో రుద్ది, కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి. ఎర్త్ వైరు బిగించే చోట పెయింట్ ఉంటే గీకేసి, లోహం కనపడ్డాక బిగించి, పైన కొంచెం పెట్రోలియం జెల్లీ రాయండి. మన వానలకు అది అవసరం.

బ్యాటరీ మళ్లీ కలిపి లైటు వేసి, మల్టీమీటర్ ఒక కొన హోల్డర్ ఇత్తడికి, ఇంకో కొన ఎర్త్ వైపు టెర్మినల్‌కి ఆనించండి. 0.2 వోల్టు లోపు ఉంటే ఎర్త్ బాగుంది, ఒక వోల్టు దాకా వస్తే ఇంకా ఎక్కడో చిలుము మిగిలింది. నా కారుకి సగం రోగం ఇక్కడే కుదిరింది.

తర్వాత బుల్లెట్ కనెక్టర్లు, అంటే వైర్ల చివర్లను కలిపే గుండ్రటి జాయింట్లు. నల్ల రబ్బరు గొట్టం లోపల లోహపు స్లీవ్ వదులైపోతుంది, పైకి ఏమీ తెలియదు. ఈ కార్లకు ఎలక్ట్రికల్ సామాను చేసిన లూకాస్ కంపెనీ బుల్లెట్ 4.7 మిల్లీమీటర్లు, బైకులకు వాడే జపాన్ రకం దాదాపు 4, అది పట్టినట్టే పట్టి గతుకుల్లో ఊడిపోతుంది, ఆ పొరపాటు చేయకండి. నేను వైరు, టేపు, ఫ్యూజులు రాణిగంజ్‌లో, సోల్డర్, మీటరు కోఠి గుజరాతీ గల్లీలో కొన్నాను, సరైన బుల్లెట్లు మాత్రం తెప్పించుకున్నాను. వైరు ఒక చదరపు మిల్లీమీటరుది చాలు, లోపల 0.30 మిల్లీమీటర్ల సన్న తీగలు 14 ఉండేది, ఆటో వైరే తీసుకోండి. ఇంటి వైరు వద్దు, ఇంజన్ వేడికీ ఆయిల్‌కీ దాని తొడుగు నిలవదు.

ఫ్యూజు గురించి కాస్త గట్టిగానే చెబుతాను. లూకాస్ గాజు ఫ్యూజు మీద 35 అని ఉంటే అది పేలే లెక్క, ఆగకుండా మోసేది 17 ఆంపియర్లే. అది తెలియక 35 ఆంపియర్లు మోసే కొత్త రకం ఫ్యూజు వేస్తే, ఫ్యూజు కంటే ముందు వైరు కాలుతుంది. రెండే ఫ్యూజులున్న పాత ఎంజీబీల్లో పార్కింగ్ లైట్లకు అసలు ఫ్యూజే లేదు. ఆ లైట్లన్నీ కలిపినా మూడు ఆంపియర్ల లోపే, కాబట్టి స్విచ్ నుంచి వచ్చే వైరులో 5 ఆంపియర్ల ఫ్యూజు ఒకటి పెట్టేయండి.

ఇంత చేసినా రెండు వైపులా ఇండికేటర్లు రాకపోతే హజార్డ్ స్విచ్ (నాలుగు ఇండికేటర్లనూ ఒకేసారి వెలిగించేది) ఉందేమో చూడండి. అది ఉన్న కార్లలో ఇండికేటర్లకు వెళ్లే ఆకుపచ్చ కరెంటు ఆ స్విచ్ గుండానే పోతుంది, ఏళ్ల తరబడి ఎవరూ నొక్కక లోపల కాంటాక్టులు నల్లబడతాయి. ఓ ఇరవై ముప్పై సార్లు ఆన్ ఆఫ్ చేస్తే చాలాసార్లు ప్రాణం లేచొస్తుంది.

ఫ్లాషర్‌ని ఆఖర్న అనుమానించండి. పాత ఫ్లాషర్ లోపల రేకు కరెంటుకు వేడెక్కి కదులుతుంది, దానికి రెండు 21 వాట్ల బల్బుల కరెంటు, అంటే మూడున్నర ఆంపియర్లు కావాలి. ఒక బల్బు పోయినా, ఎర్త్ బలహీనపడినా టక్‌టక్ ఆగిపోతుంది లేదా వేగం మారుతుంది. ఎల్ఈడీలు వేస్తే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ తప్పనిసరి, ప్లస్ ఎర్త్ కారైతే రెండూ దానికి సరిపోయేవే అడిగి తీసుకోండి.

వెనక రెండు ఫిలమెంట్ల బల్బు పిన్నులు ఎగుడు దిగుడుగా ఉంటాయి. బలవంతంగా తిప్పి పెడితే పార్కింగ్ లైటు బ్రేక్ లైటులా మండుతుంది, బ్రేక్ తొక్కితే గుడ్డిగా వస్తుంది.

రేకులోంచి వైరు దూరే ప్రతి రంధ్రానికీ రబ్బరు గ్రోమెట్ వేసి, హార్నెస్‌కి (వైర్ల కట్టకి) జిగురు లేని పీవీసీ టేపు చుట్టండి. చీకటి పడ్డాక కారుని గోడకు దగ్గరగా నిలిపి, ఇంజన్ ఆన్‌లో ఉంచి, పార్కింగ్ లైట్లు, హెడ్‌లైట్లు వేసి, బ్రేక్ తొక్కి పట్టుకుని ఇండికేటర్ వేయండి, ఇంట్లోవాళ్లలో ఒకరిని వెనక నిలబెట్టి లెక్కపెట్టమనండి. నిమిషానికి 60 నుంచి 120 సార్ల మధ్య ఉండాలి, పక్క లైటు ఏదీ దానితోపాటు ఊగకూడదు. మా అమ్మాయి 84 లెక్కపెట్టింది.