ఫార్మాట్ కొట్టకుండా సి డ్రైవ్‌ను విడగొట్టడం ఎలా

కొత్త ల్యాప్‌టాప్‌లో చాలాసార్లు ఒక్క సి డ్రైవే ఉంటుంది. దాన్ని రెండు చేయాలంటే ఫార్మాట్ కొట్టాల్సిందే అంటారు గానీ అక్కర్లేదు, విండోస్ 10, 11లో ఆ టూల్ లోపలే ఉంది.

ముందు, పోతే ఏడ్చే ఫైళ్లన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ఇది మాత్రం మానొద్దు. బిట్‌లాకర్ (డ్రైవ్‌కు తాళం వేసే విండోస్ ఫీచర్) ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి, ఛార్జర్ పెట్టే ఉంచండి.

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, సి మీద రైట్ క్లిక్ చేసి ష్రింక్ వాల్యూమ్ నొక్కండి. సి నుంచి ఎంత తీయాలో ఎంబీల్లో అడుగుతుంది, 100 జీబీకి 102400 అని కొట్టాలి. మొదటిసారి నేను 100 అని కొట్టేసి, వచ్చిన బుల్లి ముక్కను చూసి తల పట్టుకున్నాను. తర్వాత నల్ల పట్టీతో అన్‌అలొకేటెడ్ అని కనిపించే చోట రైట్ క్లిక్ చేసి న్యూ సింపుల్ వాల్యూమ్ నొక్కి, ఫైల్ సిస్టమ్ అడిగిన చోట ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ మామూలుగా వాడేది) ఇవ్వండి. అక్కడ ఫార్మాట్ అన్న మాట చూసి టెన్షన్ పడకండి, అది ఆ కొత్త ముక్కకే.

200 జీబీ ఖాళీ ఉన్నా 20 జీబీయే ఇస్తానంటే, డ్రైవ్ చివర్లో కదలని ఫైళ్లు కూర్చున్నట్టు. హైబర్నేషన్, పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్‌లో వాడుకునే ఫైల్), సిస్టమ్ రిస్టోర్ ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి, పనయ్యాక ఆన్ చేసుకోవచ్చు.

సి పెంచాలంటే వేరే తలనొప్పి: ఖాళీ జాగా దానికి కుడిపక్కనే ఆనుకుని ఉండాలి. మధ్యలో రికవరీ పార్టిషన్ (విండోస్ పాడైతే బాగుచేసే ఫైళ్లుండే ముక్క) అడ్డుంటే ఎక్స్‌టెండ్ వాల్యూమ్ పనిచేయదు, జీపార్టెడ్ అనే ఉచిత పార్టిషన్ టూల్‌ను పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి ఆ రికవరీ పార్టిషన్‌ను జరపాలి.