ఇల్లు నిలబెట్టే పని – మూడో పాఠం: గంటల పట్టీ

పిల్లల్ని హాస్టళ్లలో, సంస్థల్లో పెట్టకుండా ఇంట్లోనే పెరిగేలా కుటుంబాలకు తోడుపడటం మన పని. అందుకు పనికొచ్చేదే ఈ గంటల పట్టీ, అంటే రోజులో ఏ గంటలో పిల్లలు ఎవరి దగ్గరున్నారో రాసుకునే పేజీ. కిందటి పాఠంలో ప్రమాదానికీ ఇబ్బందికీ తేడా చూశాం. పిల్లల మీద దెబ్బలు, లైంగిక వేధింపు, ప్రాణభయం ఉన్న ఇంటికి ఇవాళ్టి పాఠం పనికిరాదు. అక్కడ పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయడమే. ఇది రెండో రకం ఇళ్ల సంగతి. పిల్లలంటే ప్రాణమే, కానీ రోజు గడవదు. అందుకే బిడ్డను హాస్టల్లోనో ఇంకోచోటో "ఎక్కడైనా పెట్టీండమ్మా" అని తల్లిదండ్రులే మనతో అంటారు.

ఆ మాట చెవిన పడగానే మన చేయి ఫోన్ మీదకు పోతుంది. నేనూ ఒకసారి అలాగే తెలిసినవాళ్లను పట్టుకుని సాయంత్రానికల్లా హాస్టల్లో సీటు సంపాదించాను. అందరూ మెచ్చుకున్నారు. ఆర్నెల్ల తర్వాత ఆ పిల్ల తల్లితో తీరిగ్గా కూర్చుంటే బయటపడింది, ఆమెకు కావలసింది పొద్దున రెండు గంటలు బిడ్డను చూసే మనిషి. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. అప్పట్నుంచి నోటు పుస్తకం లేకుండా ఏ గుమ్మం ఎక్కడం లేదు.

అభ్యాసానికి ఒక ఇల్లు ఊహించుకుందాం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు వైపు. తండ్రికి కిడ్నీలు పాడయ్యాయి, వారానికి రెండు రోజులు పలాసలో డయాలసిస్. తల్లి జీడి పిక్కల పనికి పోతుంది. ఎనిమిదేళ్ల కూతురు, మూడేళ్ల కొడుకు. కూతుర్ని ఎక్కడైనా చేర్పించమంటున్నారు, "సదువైనా వస్తాది" అని.

"పిల్లల్ని చూసేవాళ్లెవరూ లేరా?" అని అడగకండి. "ఎవరున్నారమ్మా" అనే జవాబుతో మాట అక్కడే ఆగిపోతుంది. "నిన్న పొద్దున లేచిన కాడి నుంచి ఏటేటి చేసేవో చెప్పప్పా" అనండి. నిన్నటిది అయ్యాక, కిందటి డయాలసిస్ రోజు ఎలా గడిచిందో అడగండి. పేజీకి ఎడమవైపు గంటలు వేసుకోండి. పక్కన ఇద్దరు పిల్లలకు చెరో గడి గీసి, ఆ గంటలో ఎవరి దగ్గరున్నారో మాత్రమే రాయండి. సలహాలు తర్వాత. కూతుర్నీ అడగండి. పెద్దవాళ్లు మర్చిపోయిన గంటలు పిల్లలకు గుర్తుంటాయి.

ఈ ఇంటి పట్టీ ఇలా వచ్చిందనుకుందాం. మామూలు రోజుల్లో తండ్రి ఇంట్లోనే ఉంటాడు కాబట్టి ఏదోలా నడుస్తోంది. డయాలసిస్ రోజుల్లో తల్లి అతని వెంట పలాస వెళ్తుంది. కూలి పోయినట్టే. అంగన్వాడీ మూసే వేళకి బాబును తీసుకొచ్చేవాళ్లు ఉండరు. అందుకని ఆ రెండు రోజులూ కూతురు బడి మానేస్తోంది.

ఇప్పుడు ఆ పేజీని ఇంకోసారి చూడండి. కూతుర్ని హాస్టల్‌కి పంపితే ఆ రెండు రోజుల్లో బాబు గడి నిండుతుందా? నిండదు, ఇంకా ఖాళీ అవుతుంది. బాబును తెచ్చే ఆ ఒక్క మనిషీ పోతుంది. నెల తిరక్కుండా బాబును కూడా ఎక్కడ పెట్టాలా అని మళ్లీ మన దగ్గరికే వస్తారు. హాస్టల్ చెడ్డదని కాదు నా మాట. దూరం బడికి వెళ్లి చదువుకునే పిల్లకు అది వరమే. కన్నం ఒకచోట ఉంటే అతుకు ఇంకోచోట వేయడం గురించి చెబుతున్నాను.

పట్టీలో ఖాళీలు రెండు రకాలు. చేతులు లేనివి, డబ్బు లేనివి. చేతుల ఖాళీకి వీధిలోనే వెతకాలి. "నీ చెల్లి కొడుకుని పెంచుతావా" అంటే పక్క వీధిలో ఉన్న పెద్దమ్మ అయినా వెనకాడుతుంది. "మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టే వేళ దాకా" అంటే ఒప్పుకుంటుంది. అడిగేది ఎంత చిన్నదైతే ఒప్పుకునేవాళ్లు అంత మంది.

డబ్బు ఖాళీకి ముందు గ్రామ సచివాలయానికి వెళ్లి, డయాలసిస్ మీద ఉన్నవాళ్లకిచ్చే నెలకు 10,000 పింఛను ఈ ఇంటికి అందుతోందా చూడండి. పిల్లల సంరక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద బిడ్డకు నెలకు 4,000 స్పాన్సర్‌షిప్, అంటే బిడ్డ ఇంట్లోనే పెరగడానికిచ్చే సాయం కూడా ఉంది. తల్లి వితంతువైనా, తల్లిదండ్రులకు ప్రాణాంతక జబ్బున్నా అడగవచ్చు. పల్లెల్లో ఏడాది ఆదాయం 72,000 దాటకూడదు. ఆ లెక్క దగ్గర కొన్ని ఇళ్లు ఆగిపోతాయి కాబట్టి గుమ్మంలో నిలబడి డబ్బు వస్తుందని మాటివ్వకండి. దరఖాస్తు ఎలా రాయాలో నాలుగో పాఠంలో చూద్దాం.

ఇదంతా మన మంచితనం కొద్దీ చేసేది కాదు. బిడ్డను సంస్థలో పెట్టడం ఆఖరి మార్గంగానే ఉండాలని 2015 బాలల న్యాయ చట్టంలోనే ఉంది. పేదరికం ఒక్కటే కారణంగా పిల్లల్ని ఇంటి నుంచి వేరు చేయకూడదని 2009లో ఐక్యరాజ్యసమితి మార్గదర్శకాలు కూడా చెప్పాయి. ఎవరైనా తొందరపెడితే ఈ రెండు మాటలూ అక్కరకొస్తాయి.

ఈ వారం అభ్యాసం. ముందు మీ సొంత ఇంటి పట్టీ రాయండి. మీకూ ఒకట్రెండు ఖాళీ గడులు కనిపిస్తాయి, అవి అత్తగారో పక్కింటివాళ్లో నింపుతున్నవి. తర్వాత, అమ్మానాన్నలు తాపీ పనికి హైదరాబాద్ వలస వెళ్లగా పిల్లలు అమ్మమ్మ దగ్గరున్న ఇల్లొకటి ఎంచుకుని రాయండి. ఆ పట్టీని సాయంత్రంతో ఆపకండి, రాత్రి గంటలు కూడా వేయండి.