లోహాలు చేరిన పెరటి మట్టిలో కూరలు వేసేముందు

పాత బ్యాటరీలు కరిగించిన చోటో, కర్మాగారాల మురుగు పారిన చోటో పెరడు ఉన్నవారు ముందుగా మట్టిని ప్రయోగశాలకు పంపి, ఉదజని సూచికతోపాటు (pH, అంటే నేల ఆమ్లమో క్షారమో చెప్పే అంకె) సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ ఎంతెంత ఉన్నాయో విడివిడిగా తెలుసుకోవాలి. మామూలు భూసార పరీక్షలో ఈ లోహాల లెక్క ఉండదు. ఆమ్ల నేలలో సీసం, కాడ్మియం తేలికగా కరిగి వేళ్లకు అందుతాయి కనుక, సూచిక 6.5 కంటే తక్కువగా ఉంటే సున్నపురాయి పొడి కలిపి 6.5–7 మధ్యకు తెచ్చి, ఆపైన బాగా మాగిన పశువుల ఎరువును దట్టంగా కలియదున్నాలి. దీనివల్ల లోహం నేలలోంచి పోదు, మట్టి రేణువులను పట్టుకుని మొక్కకు తక్కువగా అందుతుంది, అంతే. ఆర్సెనిక్ ఉన్నచోట మాత్రం సున్నం, సూపర్ ఫాస్ఫేట్ దానిని మరింత కదిలించగలవు కాబట్టి నిపుణులను అడగకుండా వేయకూడదు.

నేలలోని లోహాలను లాగేసేందుకని వేసే ఆవ మొక్క కాడ్మియాన్ని కొంతవరకు ఆకుల్లోకి లాగుతుంది. సీసం చాలావరకు వేళ్లలోనే ఆగిపోతుంది. ఒక్క పంటతో నేల శుభ్రపడుతుందన్న ప్రచారం, నా దృష్టిలో, విత్తనాలు అమ్ముకునే మాట. అలా పెంచిన ఆవాకును వండకూడదు, పశువులకు వేయకూడదు, తగలబెట్టకూడదు, ఎరువు గుంతలోనూ వేయకూడదు. సంచిలో కట్టి ప్రమాదకర వ్యర్థాలుగా అప్పగించాలి. వాలు అంచున వట్టివేరు నాటితే, లోతుకు దిగే దాని వేళ్లు ఆ మట్టిని వానకు పొరుగు మడుల్లోకి కొట్టుకుపోనివ్వవు. పాలకూర, తోటకూర, ముల్లంగి వంటివి కొత్త మట్టి పోసిన ఎత్తు మడుల్లోనే వేయాలి. వంగ, టమాటా కాయల్లోకి సీసం తక్కువగా చేరుతుంది గాని, వాటికి అంటిన దుమ్మును బాగా కడగాలి.