పదో తరగతి పిల్లలున్న ఇంట్లో మార్చి నెల జాగ్రత్తలు

మార్చి వచ్చిందంటే హైదరాబాద్‌లో పదో తరగతి పిల్లలున్న ఇళ్ళు కర్ఫ్యూ పెట్టినట్టు అయిపోతాయి. టీవీ బంద్, ఫోన్ బంద్, చుట్టాలు బంద్ (నాన్నగారి ఐపీఎల్ మాత్రం సౌండ్ తగ్గించి నడుస్తుంది). ఇంత చేసినా పిల్లలకి టెన్షన్ తగ్గదు, ఎందుకంటే అది చాలావరకు మన మాటల్లోంచే వస్తుంది. "పక్క ఫ్లాట్ అమ్మాయి అప్పుడే మూడో రివిజన్‌లో ఉందట" అని ఒక్క మాట అన్నారనుకోండి, ఆ రాత్రి చదివింది ఏదీ బుర్రకెక్కదు.

ఒకే పాఠాన్ని నాలుగోసారి చదువుతుంటే అంతా వచ్చేసినట్టే ఉంటుంది, తీరా హాల్లో కూర్చుంటే గుర్తుకు రాదు. అందుకని పుస్తకం మూసేసి గుర్తున్నంత వరకు తెల్లకాగితం మీద రాయమనండి, తర్వాత తెరిచి వదిలేసింది ఎర్ర పెన్నుతో నింపుకుంటే రేపు ఏం చదవాలో వాళ్ళకే తెలిసిపోతుంది. లెక్కలు చూసి చదివేవి కావు, చేత్తో చెయ్యాల్సిందే. సెలవు రోజు పొద్దున తొమ్మిదిన్నరకే పాత ప్రశ్నపత్రం ఇచ్చి గడియారం పెట్టండి. ఫిజికల్ సైన్స్, బయాలజీ విడివిడి రోజుల్లో ఒక్కోటి గంటన్నరే కాబట్టి, బొమ్మలు నిదానంగా వేసే పిల్లలకి అక్కడే టైమ్ సరిపోదు, ముందే అలవాటు చేయించాలి.

రాత్రి రెండింటి దాకా చదివించి పొద్దున్నే పరీక్షకి పంపడం నాకైతే నచ్చదు. నిద్ర లేకపోతే చదివింది నిలవదు.

సెంటర్ విషయంలో మాత్రం కాస్త చాదస్తంగానే ఉండండి. మన దగ్గర ఒకే పేరుతో కూకట్‌పల్లిలో ఒక బ్రాంచి, నిజాంపేటలో ఇంకో బ్రాంచి ఉంటాయి, హాల్‌టికెట్ మీద స్కూలు పేరు ఒక్కటే చూసుకుని ఆటో ఎక్కితే అంతే సంగతులు. అడ్రస్ మొత్తం చదివి ఒకసారి వెళ్ళి చూసి రండి, అదీ ఆదివారం కాదు, ఆఫీసుల ట్రాఫిక్ ఉండే రోజు పొద్దున. స్మార్ట్ వాచ్ ఇంట్లోనే పెట్టి వెళ్ళాలి. వాట్సాప్‌లో "రేపటి పేపర్ ఇదే" అని వచ్చేవి తెరవకుండా డిలీట్ చేసేయండి. పానీపూరీ, మిర్చి బజ్జీ పరీక్షలయ్యాక.

రాసి బయటికి రాగానే ప్రశ్నపత్రం లాక్కుని మార్కులు లెక్కపెట్టకండి. అయిపోయిన పేపర్ మీద ఏడిస్తే పాడయ్యేది తర్వాతి పేపర్.

అన్నిటికన్నా ముఖ్యం, పిల్ల తిండి మానేసినా, నిద్రపోకపోయినా, మాట్లాడటం తగ్గించినా "నాటకాలు" అనకండి. "నేను లేకపోతే మీకే నయం" లాంటి మాట నోట్లోంచి వస్తే చేస్తున్న పని వదిలేసి పక్కన కూర్చోండి, చావాలని అనిపిస్తోందా అని సూటిగానే అడగండి, ఒంటరిగా వదలకండి. మానసిక ఇబ్బందులకి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. తప్పినా అదే ఏడాది అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటుందని ఫలితాలు వచ్చాక కాదు, ఇప్పుడే చెప్పి పెట్టండి. ఫలితాల రోజు మాత్రం ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరో ఒకరు సెలవు పెట్టుకోండి.