సొంత సర్వర్ – 4వ పాఠం: మన అప్లికేషన్‌కు హెచ్‌టీటీపీఎస్ చిరునామా

గత పాఠం ముగిసేసరికి మీ లినక్స్ కంప్యూటర్‌లో వెబ్ అప్లికేషన్ 8080 పోర్టులో (ప్రోగ్రామ్ అభ్యర్థనలు అందుకునే, అంకెతో గుర్తించే ద్వారం) నడుస్తోంది. ఆ కంప్యూటర్‌లోని బ్రౌజర్‌లో పేజీ తెరుచుకుంటుంది, బయటి నుంచి మాత్రం తెరుచుకోదు. ఈ పాఠంలో దానికి ఒక డొమైన్ పేరు పెట్టి, ఎక్కడి నుంచైనా హెచ్‌టీటీపీఎస్ ద్వారా, అంటే సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి (ఇతరులు చదవలేని రూపంలోకి మార్చి) పంపే పద్ధతిలో, అందేలా చేద్దాం.

పని లోపలి నుంచి బయటికి సాగాలి. ముందు అప్లికేషన్, తర్వాత దాని ముందు నిలిచే ప్రాక్సీ, ఆపైన రౌటర్, డొమైన్ పేరు, అన్నింటికంటే చివర సర్టిఫికెట్, అంటే ఈ సర్వర్ ఆ డొమైన్‌దేనని బ్రౌజర్‌కు రుజువు చేసే డిజిటల్ పత్రం. ఒక్కో మెట్టు పనిచేస్తోందని కళ్లారా చూశాకే తర్వాతి మెట్టుకు వెళ్లండి. నేరుగా సర్టిఫికెట్‌తో మొదలుపెడితే, అది రాకపోయినప్పుడు లోపం ఈ ఐదింటిలో ఎక్కడుందో పట్టుకోవడం చాలా కష్టం.

అన్నింటికన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. చాలా అప్లికేషన్లు మొదటిసారి తెరిచినప్పుడు సెటప్ పేజీ చూపిస్తాయి. ఆ పేజీని ఎవరు ముందుగా పూర్తిచేస్తే వారే అడ్మిన్ అవుతారు. దాన్ని ఇప్పుడే, బయటికి దారి తెరవకముందే పూర్తిచేయండి. అప్లికేషన్‌తో వచ్చిన తొలి పాస్‌వర్డ్ మార్చండి. కొత్త ఖాతాలు ఎవరైనా తెరుచుకోవచ్చనే సెట్టింగు ఉంటే ఆపేయండి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో సర్టిఫికెట్ దగ్గరికి వచ్చాక మీకే అర్థమవుతుంది.

ఇప్పుడు అప్లికేషన్ ఏ చిరునామాలో వింటోందో చూడండి. 127.0.0.1 అంటే ఆ కంప్యూటర్‌లో పుట్టిన అభ్యర్థనలకే జవాబిస్తుంది. 0.0.0.0 అంటే ఆ కంప్యూటర్‌కు ఉన్న నెట్‌వర్క్ దారులన్నింటిలోనూ వింటుంది. బయటికి కనిపించాలంటే రెండోదానికి మార్చమని చాలాచోట్ల రాస్తారు. మార్చకండి. అప్లికేషన్ 127.0.0.1 దగ్గరే ఉండాలి, బయటివారితో మాట్లాడే పని ప్రాక్సీకే వదలాలి. డాకర్ (అప్లికేషన్లను విడివిడి పెట్టెల్లో నడిపే సాధనం) వాడేవారు ఇక్కడ మరింత జాగ్రత్తగా ఉండాలి. డాకర్‌లో పోర్టును 8080:8080 అని ప్రకటిస్తే అది అన్ని దారుల్లోనూ తెరుచుకుంటుంది. పైగా డాకర్ తన నియమాలను తానే రాసుకుంటుంది కాబట్టి, ఉబుంటులో మీరు పెట్టిన యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ దాన్ని ఆపదు. 127.0.0.1:8080:8080 అని పూర్తిగా రాయండి.

రివర్స్ ప్రాక్సీ అంటే బయటి అభ్యర్థనను తాను అందుకుని, లోపలి అప్లికేషన్‌కు అప్పగించి, జవాబును తిరిగి పంపే ప్రోగ్రామ్. ఎన్‌క్రిప్షన్ భారమంతా దానిదే, అప్లికేషన్ ఆ పని చేయనక్కర్లేదు. ఎన్‌జిన్‌ఎక్స్, అపాచీ, కాడీ అన్నీ ఈ పని చేస్తాయి. కొత్తగా నేర్చుకునేవారికి నేను కాడీనే సూచిస్తాను, ఎందుకంటే సర్టిఫికెట్ తెచ్చుకోవడం, గడువుకు ముందే పునరుద్ధరించుకోవడం అదే చూసుకుంటుంది. ఎన్‌జిన్‌ఎక్స్‌తో అయితే సాధారణంగా సర్ట్‌బాట్ లాంటి వేరే ప్రోగ్రామ్ ఆ పని చేస్తుంది.

కాడీ సెట్టింగుల ఫైలు చాలా చిన్నది. మొదటి వరుసలో సైటు చిరునామా, తర్వాత ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య ఒకే ఆదేశం: రివర్స్, ప్రాక్సీ అనే రెండు మాటలను అండర్‌స్కోర్‌తో కలిపి రాసి, పక్కన 127.0.0.1:8080 అని ఇవ్వాలి. ప్రస్తుతానికి సైటు చిరునామా స్థానంలో డొమైన్ పేరు రాయకుండా :80 అని మాత్రమే రాయండి. అలా రాస్తే కాడీ సర్టిఫికెట్ జోలికి వెళ్లదు, మామూలు హెచ్‌టీటీపీతోనే నడుస్తుంది. ఇప్పుడు అదే వైఫైలో ఉన్న మరో పరికరంలో మీ కంప్యూటర్ చిరునామా కొట్టి చూడండి. పేజీ వస్తే ప్రాక్సీ సిద్ధం.

పేజీ వచ్చినా కొన్ని సౌకర్యాలు పనిచేయకపోతే కంగారుపడకండి. కెమెరా, స్థాన సమాచారం, సర్వీస్ వర్కర్ (పేజీ వెనక నడిచే స్క్రిప్టు) లాంటివాటిని బ్రౌజర్లు సురక్షిత పేజీలకే అనుమతిస్తాయి. లోకల్‌హోస్ట్‌కు, అంటే అదే కంప్యూటర్‌లో తెరిచే పేజీకి, మినహాయింపు ఉంది కాబట్టే అవి నిన్నటిదాకా పనిచేశాయి. హెచ్‌టీటీపీఎస్ వచ్చాక మళ్లీ పనిచేస్తాయి.

ప్రాక్సీ వెనక ఉన్న అప్లికేషన్‌కు ఒక చిక్కు ఉంటుంది. అభ్యర్థనలన్నీ దానికి 127.0.0.1 నుంచి, హెచ్‌టీటీపీలో వచ్చినట్లే కనిపిస్తాయి. అసలు సందర్శకుడి చిరునామా, అసలు వాడిన ప్రోటోకాల్ ఏమిటో ప్రాక్సీ ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్, ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో అనే హెడర్లలో (అభ్యర్థనతో పాటు వెళ్లే అదనపు వివరాల్లో) రాసి పంపాలి. కాడీ వీటిని తానే పంపుతుంది, వెబ్‌సాకెట్ (బ్రౌజర్, సర్వర్ మధ్య తెరిచే ఉండే) కనెక్షన్లనూ తానే దాటిస్తుంది. ఎన్‌జిన్‌ఎక్స్‌లో ఇవన్నీ మీరు రాయాలి. అయితే పంపితే సరిపోదు, వాటిని అప్లికేషన్ నమ్మాలి. దాని సెట్టింగుల్లో నమ్మదగిన ప్రాక్సీలు అనే అర్థమిచ్చే అంశం వెతికి 127.0.0.1 చేర్చండి. అప్లికేషన్ డాకర్‌లో ఉంటే ప్రాక్సీ దానికి డాకర్ అంతర్గత చిరునామాతో కనిపిస్తుంది, అప్పుడు ఆ చిరునామా ఇవ్వాలి. ఈ అమరిక లేకపోతే, 'హెచ్‌టీటీపీఎస్‌కు వెళ్లు' అని అప్లికేషన్ పదేపదే దారి మళ్లిస్తూనే ఉంటుంది. చివరికి దారిమళ్లింపులు మితిమీరాయని బ్రౌజర్ చేతులెత్తేస్తుంది. ఆ లోపం కనిపిస్తే సర్టిఫికెట్‌ను అనుమానించకండి, ముందుగా ఈ హెడర్ల అమరిక చూడండి.

ఇక రౌటర్. మీ కంప్యూటర్ చిరునామా 192.168, 10 లేదా 172.16–172.31 అంకెలతో మొదలైతే అది ప్రైవేటు చిరునామా, ఇంటర్నెట్‌లో చెల్లదు. రౌటర్‌లో ఆ కంప్యూటర్‌కు ఒకే చిరునామా స్థిరంగా దక్కేలా రిజర్వ్ చేసి, టీసీపీ 80, 443 పోర్టులను దానికి ఫార్వర్డ్ చేయండి, అంటే బయటి నుంచి ఆ పోర్టులకు వచ్చే అభ్యర్థనలు ఆ కంప్యూటర్‌కే చేరేలా చేయండి. ఈ రెండే. 8080 అవసరం లేదు, రిమోట్ లాగిన్‌కు వాడే 22 అసలే వద్దు.

ఫార్వర్డ్ చేసినా బయటి నుంచి తెరుచుకోకపోతే, రౌటర్ స్టేటస్ పేజీలో ఇంటర్నెట్ వైపు చిరునామా చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీ ఇంటర్నెట్ సంస్థ ఒకే పబ్లిక్ చిరునామాను అనేకమందికి పంచుతోంది. ఆ చిరునామాల వరుసను 2012లో ప్రత్యేకంగా ఈ అవసరానికే కేటాయించారు. అప్పుడు మీ రౌటర్‌లో ఏం చేసినా ఫలితం ఉండదు, ఎందుకంటే అసలు తలుపు సంస్థ దగ్గర ఉంది. సంస్థను విడిగా పబ్లిక్ చిరునామా అడగవచ్చు. ఐపీవీ6 (కొత్త తరం ఇంటర్నెట్ చిరునామా) ఉంటే దానితో ప్రయత్నించవచ్చు. లేదంటే పబ్లిక్ చిరునామా ఉన్న చిన్న సర్వర్‌ను అద్దెకు తీసుకుని, వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ప్రోగ్రామ్‌తో మీ కంప్యూటర్‌కు సొరంగం వేయవచ్చు. క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ లాంటి సేవలు ఈ పనిని తేలిక చేస్తాయి కానీ, వాటిలో సందర్శకుడి ఎన్‌క్రిప్షన్ సేవాసంస్థ సర్వర్ల దగ్గరే విప్పబడుతుంది. అంటే ఆ సమాచారం వారికి కనిపించే వీలుంది. కుటుంబ ఫొటోలు, వైద్య పత్రాలు దాచుకునే అప్లికేషన్ అయితే నేను అద్దె సర్వర్, వైర్‌గార్డ్ దారినే ఎంచుకుంటాను, ఎన్‌క్రిప్షన్‌ను మాత్రం సొంత కంప్యూటర్‌లోనే విప్పేలా.

డొమైన్ విషయం త్వరగా తేలిపోతుంది. డొమైన్ పేర్లను చిరునామాలతో కలిపే డీఎన్‌ఎస్‌లో 'A' రికార్డు సృష్టించి మీ పబ్లిక్ చిరునామా ఇవ్వండి. ఆ చిరునామా అప్పుడప్పుడూ మారుతుంటే టీటీఎల్‌ను (ఇతర సర్వర్లు ఆ రికార్డును గుర్తుంచుకునే సమయాన్ని) 300 సెకన్లకు తగ్గించి, మారినప్పుడల్లా రికార్డును సవరించే డైనమిక్ డీఎన్‌ఎస్ ప్రోగ్రామ్ పెట్టుకోండి. ఐపీవీ6 వాడకపోతే ఐపీవీ6 చిరునామా ఇచ్చే 'AAAA' రికార్డు పొరపాటున కూడా ఉంచకండి. అది ఉంటే సర్టిఫికెట్ సంస్థ ముందుగా ఆ దారిలోనే వస్తుంది. అక్కడ వేరే సర్వర్ ఏదైనా జవాబిస్తే పరీక్ష తప్పుతుంది.

ఇప్పుడు కాడీ ఫైలులో :80 తీసేసి మీ డొమైన్ పేరు రాయండి. సెట్టింగులు మళ్లీ లోడ్ చేయగానే కాడీ సర్టిఫికెట్ కోసం ఆక్మే ప్రోటోకాల్‌లో లెట్స్ ఎన్‌క్రిప్ట్‌ను సంప్రదిస్తుంది. 2015 డిసెంబరులో ప్రజలకు అందుబాటులోకి వచ్చిన ఈ సంస్థ సర్టిఫికెట్లను ఉచితంగా ఇస్తుంది. డొమైన్ మీ ఆధీనంలోనే ఉందని రుజువు చేసుకోవడానికి అది పోర్టు 80కి వచ్చి ఒక గుర్తు అడుగుతుంది, లేదా 443లో పరీక్షిస్తుంది. రెండూ వీలుకాకపోతే డీఎన్‌ఎస్‌లో టీఎక్స్‌టీ రికార్డు పెట్టి రుజువు చేయవచ్చు. వరుసగా విఫలమైతే కొంతసేపు అభ్యర్థనలు స్వీకరించదు కాబట్టి, లోపం వెతికేటప్పుడు దాని స్టేజింగ్ (ప్రయోగాల కోసం ఉంచిన) సర్వర్‌ను వాడండి. ఆ సర్టిఫికెట్లను బ్రౌజర్లు నమ్మవు, అయినా పరీక్షకు చాలు.

సర్టిఫికెట్ల గడువు క్రమంగా తగ్గుతోంది. బ్రౌజర్ సంస్థలు, సర్టిఫికెట్ సంస్థలు కలిసి 2025లో తీసుకున్న నిర్ణయం ప్రకారం 2029 మార్చి 15 నుంచి ఇచ్చే సర్టిఫికెట్ల గరిష్ఠ గడువు 47 రోజులే. చేత్తో పునరుద్ధరించుకునే పద్ధతికి ఇక చోటు లేదు. గడువు ముగుస్తోందని లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఈమెయిళ్లు పంపడం కూడా 2025 జూన్‌లో ఆపేసింది. అందుకే కాడీ సర్టిఫికెట్లు దాచుకునే డేటా ఫోల్డర్‌ను చెరిపేయకండి, కంప్యూటర్‌తో పాటు కాడీ కూడా తనంతట తాను మొదలయ్యేలా చూడండి.

సెటప్ పేజీ గురించి ముందే ఎందుకు హెచ్చరించానంటే, ఇలాంటి సర్టిఫికెట్ జారీ అయినప్పుడు అందులోని డొమైన్ పేరు సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ అనే బహిరంగ చిట్టాల్లో నమోదవుతుంది. వాటిని ఎవరైనా చదవవచ్చు. కొత్త పేర్ల కోసం వాటినే కనిపెట్టుకుని ఉండే ప్రోగ్రామ్‌లు చాలా ఉన్నాయి. మీరు ఎవరికీ చెప్పని పేరైనా కొద్దిసేపట్లోనే అపరిచితులు తలుపు తట్టవచ్చు. హెచ్‌టీటీపీఎస్ దారిలో వెళ్లే సమాచారాన్ని కాపాడుతుంది, ఆ సర్వర్ మీ డొమైన్‌దేనని నిర్ధారిస్తుంది. బలహీనమైన పాస్‌వర్డ్‌ను, పాతబడిన అప్లికేషన్‌ను అది కాపాడలేదు. చిరునామా పట్టీలో తాళం గుర్తు చూసి నిశ్చింతగా ఉండకండి. లాగిన్ ప్రయత్నాల నమోదును ఈ రోజే తెరిచి చూడండి.

ఈ వారం అభ్యాసం: ఫోనులో వైఫై ఆపి, మొబైల్ డేటాతో సైటు తెరవండి. లోపలి నుంచి పరీక్షిస్తే ఫలితాన్ని నమ్మలేం, ఎందుకంటే కొన్ని రౌటర్లు సొంత పబ్లిక్ చిరునామాను లోపలికి మళ్లించలేవు. తర్వాత కంప్యూటర్‌ను, రౌటర్‌ను రెండింటినీ ఆపి మళ్లీ వేయండి. మీరు ఏమీ ముట్టుకోకుండానే సైటు తిరిగి రావాలి. బ్రౌజర్‌లో సర్టిఫికెట్ వివరాలు తెరిచి గడువు తేదీ రాసిపెట్టుకోండి, ఆ తేదీకి రెండు వారాల ముందు మళ్లీ చూడండి. అప్పటికి అక్కడ కొత్త తేదీ కనిపించాలి.

తర్వాతి పాఠం బ్యాకప్ గురించి. అది మొదలుపెట్టేలోపు మీ అప్లికేషన్ డేటాను ఏ ఫోల్డర్‌లో, ఏ డేటాబేస్‌లో దాస్తోందో కనుక్కుని ఉంచండి.