జెండా పండగ ముందు రోజు సాయంత్రం: ఒక్క లాగుకు విచ్చుకునేలా జెండా కట్టడం

బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ఏటా ఎక్కడో ఒకచోట ఇది జరుగుతుంది. పెద్దాయన తాడు లాగుతారు, పైన మూటగా కట్టిన జెండా కదలదు. ఇంకాస్త గట్టిగా లాగితే మూటకు మూటే కిందికి దిగొస్తుంది. పిల్లలు కిసుక్కున నవ్వుతారు, వాచ్‌మన్ నిచ్చెన కోసం పరిగెడతాడు. తప్పు పెద్దాయనది కాదు. ముందు రోజు సాయంత్రం జెండా కట్టినవాళ్లు ఏ తాడు బిగించాలో, ఏది వదులుగా ఉంచాలో చూసుకోలేదు.

అసలు మూట కట్టాలా వద్దా అన్నది మొదటి ప్రశ్న. ఆగస్టు 15న చేసేది ఆరోహణ: 1947లో కొత్త జెండా పైకి లేచిందన్న గుర్తుగా కింది నుంచి పైకి ఎగరేస్తారు. జనవరి 26న చేసేది ఆవిష్కరణ: అప్పటికే పైన ఉన్న జెండాను విప్పుతారు. (1930 జనవరి 26న పూర్ణ స్వరాజ్య దినం జరుపుకున్నారు కాబట్టే 1950లో రాజ్యాంగం అమలుకు ఆ తేదీని ఎంచుకున్నారు.) అంటే ఆగస్టులో విప్పిన జెండానే చకచకా పైకి లాగేస్తే సరిపోతుంది, మూటా ముడీ అక్కర్లేదు. కానీ పూలరేకులు రాలకపోతే జెండా పండగ అనిపించదని రెండుసార్లూ మూటే కడతారు. కట్టుకోండి. జాతీయ దినాల్లో జెండా లోపల పూలరేకులు పెట్టుకోవచ్చని 2002 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న పతాక నియమావళే చెబుతోంది. రేకులు తప్ప ఇంకేమీ పెట్టకూడదు. జెండా కర్ర కొసన పూలదండ కట్టడమూ కుదరదు.

వారం ముందే కంబం చూసుకోండి. మన ఊళ్లో చాలా అపార్ట్‌మెంట్ల కంబానికి కర్ణాటక అవతరణ దినమైన రాజ్యోత్సవానికి ఎగరేసిన పసుపు ఎరుపుల కన్నడ జెండా ఉంటుంది. త్రివర్ణ పతాకం ఎగిరే కంబానికి మరే జెండా ఉండకూడదు, పక్క కంబం మీద ఉన్నా దీనికంటే ఎత్తులో ఉండకూడదు. కన్నడ జెండాను మర్యాదగా దించి, మడిచి, కమిటీలో కన్నడిగులెవరికైనా చేతికివ్వండి. వాచ్‌మన్ కుర్చీ మీద పడేస్తే మాటలు పడాల్సి వస్తుంది, ఆ మాటల్లో న్యాయమూ ఉంటుంది.

తరువాత కప్పీ. కంబం కొసన ఉండే ఈ చిన్న చక్రం తుప్పు పడితే తాడు నడవదు, రెండు చుక్కల నూనె వేయాలి. తాడు మరీ సన్నమైతే చక్రం మీంచి జారి పక్క సందులో ఇరుక్కుంటుంది. 6 నుంచి 8 మిల్లీమీటర్ల మందం, కంబం ఎత్తుకు రెట్టింపు మీద ఓ 5 అడుగుల పొడవు ఉండాలి. నూలు తాడు ఆగస్టు జల్లులకు ఉబ్బి కప్పీలో పట్టేస్తుంది, కాబట్టి నైలాన్ మేలు.

జెండా పొడవు కంబం ఎత్తులో నాలుగో వంతు ఉంటే చూడటానికి నిండుగా ఉంటుంది. 12 నుంచి 15 అడుగుల కంబానికి 900×600 మిల్లీమీటర్ల జెండా, 18 నుంచి 20 అడుగులకు 1350×900 కొలత తీసుకోండి. అన్నీ 3:2 నిష్పత్తిలోనే ఉండాలి. సిగ్నళ్ల దగ్గర అమ్మేవాటిలో పొడుగ్గా సాగినవి, చక్రం ఒకవైపే అచ్చయినవి, ఆకులు తక్కువైనవి చాలా ఉంటాయి. కొనేముందు ఆకులు లెక్కపెట్టండి, 24 ఉండాలి. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో మన పింగళి వెంకయ్య గాంధీకి ఇచ్చిన నమూనాలో ఈ చక్రం లేదు. ఆ తర్వాత జెండా మధ్యకు వచ్చిన రాట్నం స్థానంలో 1947 జులై 22న రాజ్యాంగ సభ అశోక చక్రాన్ని ఖాయం చేసింది.

ఖాదీ కావాలంటే హుబ్బళ్లి బెంగేరిలోని కర్ణాటక ఖాదీ గ్రామోద్యోగ సంయుక్త సంఘం తయారుచేసే జెండాలకు పేరుంది. 2021 డిసెంబరు సవరణతో పాలియెస్టర్‌కూ అనుమతి వచ్చింది. చినుకులు పడే ఆగస్టుకు పాలియెస్టరే నయమని మా అభిప్రాయం: తడిసిన ఖాదీ మడతలు ఒకదానికొకటి అతుక్కుని విచ్చుకోవు. పొడిగా ఉండే జనవరికి ఖాదీ తీయండి.

ఇక కట్టడం. ఇద్దరు కావాలి, శుభ్రమైన బల్ల కావాలి. జెండా నేలకు తగలకూడదు.

జెండా ఒక అంచున తెల్లటి పట్టీ కుట్టి ఉంటుంది, అందులోంచి తాడు వస్తుంది. కాషాయం వైపు కొసను కప్పీ మీదుగా వెళ్లే తాడుకు కట్టండి. దీన్ని పై తాడు అనుకుందాం. ఆకుపచ్చ వైపు కొసకు కట్టేది కింది తాడు. జెండా తలకిందులయ్యేది ఇక్కడే, అందుకే ముడి వేశాక ఇద్దరూ ఒకసారి పైకి చెప్పుకోండి: కాషాయం కప్పీకి, పచ్చ నేలకు.

ఇప్పుడు కాషాయాన్ని, పచ్చను తెలుపు మీదికి మడవండి. జెండా మూడో వంతు వెడల్పు పట్టీ అవుతుంది. ఎగిరే కొస నుంచి తాడున్న తెల్ల పట్టీ వైపు జానెడు జానెడు కుచ్చిళ్లుగా, చీర కుచ్చిళ్లు పెట్టినట్టే, మడుచుకుంటూ రండి. చుట్ట చుట్టకండి. చుట్టిన జెండా గాలి లేనిరోజు చాప చుట్టలా వేలాడుతుంది. చివరి రెండు కుచ్చిళ్ల మధ్య పూలరేకులు వేయండి. 900×600 జెండాకు ఒక దోసెడు చాలు. కేఆర్ మార్కెట్‌లో తెల్లవారుజామున దొరికే గులాబీలు తెచ్చి, రేకులు తుంచి, పేపరు మీద గంటసేపు ఆరబెట్టాలి. తడి రేకులు తెలుపు మీద మరకలు చేస్తాయి, బంతి రేకులైతే మరీనూ. పువ్వులకు పువ్వులే పెడితే బరువుకు మూట ముందే జారిపోతుంది.

చివరిది జారుముడి. మూట మీద కింది తాడుతో రెండు చుట్లు చుట్టండి, మూడోది వద్దు. తాడును రెండంగుళాల మడతగా పట్టుకుని ఆ చుట్ల కిందికి దూర్చండి. మడత మాత్రమే దూరాలి. తాడు కొసనంతా లాగేస్తే అది మామూలు ముడి అవుతుంది, ఎవరు లాగినా ఊడదు.

పైకి ఎక్కించేటప్పుడు ఒకరు పై తాడు లాగుతుంటే రెండోవారు కింది తాడును వదులుగా వదులుతూ ఉండాలి. అది బిగిసిందా, మూట సగం దారిలోనే విచ్చుకుంటుంది. కప్పీకి రెండంగుళాలు కింద ఆపండి. పూర్తిగా లాగితే ముడి కప్పీలో ఇరుక్కుంటుంది. ఆ తర్వాత పై తాడును కంబానికున్న కొక్కేనికి ఎనిమిది అంకె ఆకారంలో మూడుసార్లు చుట్టి బిగించండి. మూటకు మూటే దిగొచ్చేది ఈ బిగింపు మరిచినప్పుడే. కింది తాడుకు చెయ్యి అందే ఎత్తులో ఒక రిబ్బను కట్టండి. లాగాల్సినవారికి "రిబ్బనున్నది లాగండి సార్, కిందికి, ఒక్కసారి" అని చెబితే చాలు.

ముందు రోజు రిహార్సల్‌కు జెండా వాడొద్దు, అదే కొలత తువ్వాలు వాడండి. మూడుసార్లు వరసగా విచ్చుకుంటే ముడి కుదిరినట్టు. అసలు మూటను పొద్దున్నే ఎక్కించండి. రాత్రంతా పైన ఉంటే మంచుకో చినుకుకో తడుస్తుంది.

జెండా విచ్చుకున్న వెంటనే జనగణమన. పూర్తి గీతానికి సుమారు 52 సెకన్లు. ఈ బాణీకి 1919లో మదనపల్లెలో రవీంద్రుడు బస చేసినప్పుడు ఐరిష్ సంగీతజ్ఞురాలు మార్గరెట్ కజిన్స్ స్వరాలు రాశారు, అంటే మన పక్క ఊరే. ఫోనులో పెట్టేటట్లయితే పాటను ముందే దింపుకోండి, లేకపోతే జెండా రెపరెపలాడుతుండగా పళ్లపొడి ప్రకటన వినాలి. నోటితో పాడితే మొదలెట్టేవాళ్లు శృతి తగ్గించాలి. పైస్థాయిలో ఎత్తుకుంటే చివరి జయహేలకు పిల్లల గొంతులు అందవు. కర్ణాటక రాష్ట్ర గీతమైన నాడగీత కూడా పాడేటట్లయితే అది వచ్చినవారిని ముందే ఒకరిని చూసుకోండి.

ముగ్గు వేస్తే జెండా బొమ్మ వద్దు, ఎవరో ఒకరు తొక్కుతారు. మూడు రంగుల పూలు చాలు. పిల్లలకు ప్లాస్టిక్ జెండాలు కాక కాగితంవి ఇవ్వండి. లడ్డూలు పంచే బల్ల పక్కన ఒక బుట్ట పెడితే ఆ జెండాలు నేలమీద పడకుండా తిరిగొస్తాయి.

2022 జులై సవరణ తర్వాత రాత్రి కూడా జెండా ఉంచవచ్చు. అయినా సాయంత్రం దించేయడమే మంచిది. రెండో రోజుకు ఎవరికీ గుర్తుండదు, పదో రోజుకు అంచు చిరుగుతుంది. చిరిగితే చెత్తలో వేయకూడదు, గుడ్డపేలికగా వాడకూడదు. నలుగురి మధ్య కాకుండా పక్కన, మొత్తంగా, మర్యాదగా కాల్చేయాలి.

దించేటప్పుడు మాత్రం నెమ్మదిగా. తాడు కంబానికే వదిలేస్తే ఎండకు జనవరికల్లా పీచు తేలుతుంది. తీసేముందు దాని కొసకు సన్నటి నైలాన్ దారం కట్టి కప్పీలోంచి లాగి, ఆ దారాన్ని కంబానికి కట్టి ఉంచండి. మళ్లీ జెండా పండగకు తాడును ఆ దారంతోనే పైకి లాగొచ్చు, నిచ్చెన వెతకక్కర్లేదు.